ఇంగ్లండ్‌లో ప్రమాద పరిహారం: నొప్పికి తక్కువ, రేపటికి ఎక్కువ

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. మెడ పట్టేసింది. రెండున్నర నెలల పాటు తల తిప్పాలంటే నరకం, రాత్రిళ్లు నిద్ర లేదు. 2021లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఈ బాధకు కట్టిన వెల 240 పౌండ్లు. అదే ఇంగ్లండ్‌లో, కాన్పు సమయంలో ఆసుపత్రి నిర్లక్ష్యం వల్ల మెదడు దెబ్బతిన్న బిడ్డకు కోటి పౌండ్లు దాటిన పరిహారాలు కూడా వచ్చాయి. రెండూ ఒకే న్యాయవ్యవస్థ లెక్కలే.

పరిహారం అనగానే పడ్డ బాధకు ఇచ్చే డబ్బు అనుకుంటాం. ఇంగ్లండ్ సివిల్ చట్టంలో ఆ బాధ వాటా చాలా చిన్నది. గాయపడిన మనిషి ఇక మీదట బతకడానికి ఎంత ఖర్చవుతుంది, ఎంత సంపాదన పోతుంది అన్నదే అసలు లెక్క. ఈ సూత్రం కొత్తదేమీ కాదు. తప్పు జరగకపోయి ఉంటే మనిషి ఏ స్థితిలో ఉండేవాడో, డబ్బు చేయగలిగినంత మేరకు ఆ స్థితికి చేర్చాలని 1880లోనే, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ బ్లాక్‌బర్న్ చెప్పారు. తప్పు చేసినవాణ్ని శిక్షించడం ఈ చట్టం పని కాదు. లోటు భర్తీ చేయడమే దాని పని. (ఇంగ్లండ్, వేల్స్ రెండిటికీ ఒకటే చట్టం. స్కాట్లండ్‌ది వేరు.)

అయితే దెబ్బ తగిలినంత మాత్రాన డబ్బు రాదు. అవతలివాళ్ల తప్పు ఉండాలి, దాన్ని రుజువు చేయాల్సింది బాధితులే. మన మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్ ఉంది. తప్పెవరిదన్న ప్రశ్నే లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు ఇప్పిస్తుంది. ఇంగ్లండ్‌లో రోడ్డు ప్రమాదాలకు అలాంటి ఏర్పాటు లేదు. అక్కడ అంతా నిర్లక్ష్యం చుట్టూ తిరుగుతుంది. మన పని వల్ల ఎవరికి హాని కలగవచ్చో ముందే ఊహించగలిగినప్పుడు, వాళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత మనమీద ఉంటుందని 1932లో డొనహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్ కేసులో లార్డ్ ఆట్కిన్ తేల్చారు. అల్లం బీరు సీసాలో నత్త వచ్చిందన్న ఆరోపణతో పైస్లీలో మొదలైన ఆ కేసు మీదే నేటి నిర్లక్ష్య చట్టం నిలబడి ఉంది. రోడ్డు మీద డ్రైవరు, ఫ్యాక్టరీలో యజమాని, దుకాణంలో తడి నేలను తుడవకుండా వదిలేసిన నిర్వాహకుడు, అందరినీ కొలిచే కొలబద్ద ఇదే.

బాధితుడి తప్పు కూడా కొంత ఉంటే కేసు మొత్తం పోదు, ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. 1945 చట్టం ఈ వీలు కల్పించింది. అంతకుముందు బాధితుడి వైపు రవ్వంత పొరపాటున్నా పైసా రాని పరిస్థితి ఉండేది. సీటు బెల్టు పెట్టుకోని ప్రయాణికుడి విషయంలో 1975 నాటి ఫ్రూమ్ వర్సెస్ బుచర్ తీర్పు లెక్కనే నేటికీ వాడుతున్నారు. బెల్టు ఉంటే గాయమే తగిలేది కాదంటే 25 శాతం కోత, గాయం తీవ్రత తగ్గేదంటే 15 శాతం, ఏ తేడా ఉండేది కాదంటే కోతే లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలు బేరానికి దిగేది ఎక్కువగా ఈ శాతాల దగ్గరే.

ఇదంతా ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. లెస్టర్‌లో గ్రాడ్యుయేట్ రూట్ వీసా (చదువు ముగిశాక పని చేసుకోవడానికి ఇచ్చేది) మీద ఉన్న ఇరవై ఏడేళ్ల ఖమ్మం యువకుడు గిడ్డంగిలో షిఫ్టు ముగించుకుని సైకిల్ మీద ఇంటికి వెళ్తున్నాడు. పక్కనే వస్తున్న కారు, సైకిల్‌ను చూడకుండా ఎడమ సందులోకి తిరిగింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఐదు నెలలు పనికి వెళ్లలేకపోయాడు. చూసుకోవడానికి వాళ్లమ్మ ఖమ్మం నుంచి వెళ్లి మూడు నెలలు దగ్గరుండింది.

క్లెయిమ్ వేసేది డ్రైవరు పేరు మీదే అయినా, డబ్బిచ్చేది అతని ఇన్సూరెన్స్ కంపెనీ. ఇన్సూరెన్స్ లేని బండైనా, గుద్ది పారిపోయినా, బీమా కంపెనీలన్నీ కలిసి నడిపే మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో ఉంది. 1946 నుంచి ఇలాంటి బాధితులకు దారి అదే. గుద్ది పారిపోయిన కేసుల్లో పోలీసులకు ఫిర్యాదు చేసి ఉండటం చాలా ముఖ్యం. నంబరు తెలియదు కదా, ఫిర్యాదు ఇచ్చి ఏం లాభం అనుకుని ఊరుకునేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

ఇక లెక్క. కాలు విరిగిన నొప్పి, ఆటలు ఆడలేకపోవడం, మచ్చలు, ఇవన్నీ ఒక పద్దు. దీన్ని జనరల్ డ్యామేజెస్ అంటారు. జడ్జీలు, లాయర్లు ఇద్దరూ జ్యుడీషియల్ కాలేజ్ గైడ్‌లైన్స్ అనే చిన్న పుస్తకం తెరిచి, ఏ గాయానికి ఎంత నుంచి ఎంత వరకు ఇవ్వవచ్చో చూస్తారు. మెడ కింద నుంచి శరీరమంతా చచ్చుబడిన మనిషికి కూడా ఈ పద్దు కింద వచ్చేది 2024 నాటి గైడ్‌లైన్స్ ప్రకారం సుమారు 4 లక్షల నుంచి 5 లక్షల పౌండ్ల లోపే. జీవితాంతం మంచానికి పరిమితమైన బాధకు గరిష్ఠంగా అంతే. కాలు విరిగి నయమైన యువకుడికి ఎంత వస్తుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

రెండో పద్దు ఖర్చులు, నష్టాలు. పోయిన ఐదు నెలల జీతం, ఆసుపత్రికి టాక్సీలు, నుజ్జయిన సైకిల్, మందులు, ఫిజియోథెరపీ. ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో వైద్యం ఉచితం కదా, ప్రైవేటు ఫిజియోకి ఎందుకు వెళ్లావని అవతలి లాయరు అడగడానికి వీల్లేదు. ఆ నోరు మూసింది 1948 నాటి చట్టం. ఎన్‌హెచ్‌ఎస్ మొదలైన ఏడాదే, ప్రైవేటు వైద్యం ఖర్చును కూడా సమంజసమైనంత వరకు రాబట్టుకోవచ్చని పార్లమెంటు రాసిపెట్టింది. మరోవైపు, గాయపడిన వ్యక్తికి చేసిన చికిత్స ఖర్చులో కొంత భాగాన్ని ఎన్‌హెచ్‌ఎస్ కూడా అదే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుంది.

మరి వాళ్లమ్మ చేసిన సేవకు? కొడుక్కి వండిపెట్టి, స్నానం చేయించి, రాత్రి లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లిన తల్లి ఒక్క పౌండు కూడా తీసుకోలేదు. తీసుకోవాలన్న ఆలోచన కూడా ఆమెకు రాదు. అయినా ఆ సేవకు చట్టం విలువ కడుతుంది. బయటి నుంచి ఆయాను పెట్టుకుంటే గంటకు ఎంతయ్యేదో చూసి, అందులో సాధారణంగా నాలుగో వంతు తగ్గించి, మిగతాది కొడుకు క్లెయిమ్‌లో కలుపుతారు. 1994లో హంట్ వర్సెస్ సెవర్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన ప్రకారం ఆ డబ్బు కొడుకు చేతికి వచ్చినా, దాన్ని అతను తల్లి కోసం ట్రస్టుగా ఉంచుకోవాలి. సమంజసమైన ప్రయాణ ఖర్చులూ అడగవచ్చు. మన కుటుంబాల్లో చాలామంది వదిలేసే పద్దు ఇదే. అమ్మ చేసిన పనికి బిల్లేమిటని మొహమాటపడతారు. రోజుకు ఎన్ని గంటలు, ఏ పని అని ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటే చాలు, అది సాక్ష్యమే.

హెల్మెట్ పెట్టుకున్నాడా అని ఇన్సూరెన్స్ వాళ్లు అడగవచ్చు. ఇంగ్లండ్‌లో సైకిల్ తొక్కేవాళ్లకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. లేనందువల్లే గాయం పెరిగిందని చూపించాల్సిన భారం ప్రతివాదిదే. కాలు విరిగిన కేసులో ఆ ప్రశ్నకు చోటే లేదు.

వీసా సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు స్వయం ఉపాధి చేయకూడదు. యాప్‌ల ద్వారా డెలివరీ చేసే పని చాలావరకు స్వయం ఉపాధి కిందికే వస్తుంది. వేరొకరి అకౌంట్ మీద డెలివరీ చేస్తూ ప్రమాదానికి గురైన విద్యార్థి నొప్పికి, వైద్యానికి క్లెయిమ్ వేసుకోవచ్చు గానీ, పోయిన ఆ సంపాదన అడిగితే అది చట్టవిరుద్ధమైన ఆదాయమని ప్రతివాది గట్టిగా అడ్డుపడతాడు. ఆ భయంతో అసలు క్లెయిమే వేయకుండా ఊరుకోవడం పొరపాటు. అబద్ధం చెప్పి వేయడం అంతకంటే పెద్ద పొరపాటు. 2015 చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం క్లెయిమ్‌లో మౌలికమైన అబద్ధం బయటపడితే, నిజంగా తగిలిన దెబ్బకు రావాల్సిన డబ్బు కూడా సాధారణంగా మొత్తం పోతుంది.

మళ్లీ ఆ 240 పౌండ్ల దగ్గరికి వద్దాం. కారు ప్రమాదాల్లో మెడ పట్టేయడాన్ని విప్‌లాష్ అంటారు. దొంగ క్లెయిమ్‌లు పెరిగి అందరి ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతోందని కంపెనీలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. ప్రభుత్వం 2018లో సివిల్ లయబిలిటీ చట్టం తెచ్చి, 2021 మే 31 నుంచి ధరల పట్టిక పెట్టేసింది. మూడు నెలల్లోపు తగ్గితే 240 పౌండ్లు, ఆరు నెలల వరకు 495, ఏడాది వరకు 1,320, రెండేళ్ల వరకు 4,215. 2025 మే 31న ఈ అంకెలను సుమారు 15 శాతం పెంచారు. మొదటి మెట్టు 275 అయింది. దాంతోపాటు, గాయం విలువ 5,000 పౌండ్లు మించని రోడ్డు ప్రమాద క్లెయిమ్‌లను స్మాల్ క్లెయిమ్స్ కిందికి నెట్టారు. అక్కడ గెలిచినా లాయరు ఫీజు అవతలివాళ్లు ఇవ్వరు. కాబట్టి మామూలు మనిషి ఆన్‌లైన్ పోర్టల్‌లో తన కేసు తానే నడుపుకోవాలి, అవతల మాత్రం రోజంతా ఇదే పని చేసే ఇన్సూరెన్స్ సిబ్బంది ఉంటారు.

పాదచారులు, సైక్లిస్టులు, మోటార్ సైకిల్ నడిపేవాళ్లకు ఈ పట్టిక వర్తించదు. కారు, వ్యాను, బస్సు లాంటి వాహనాల్లో ఉన్నవాళ్లకే. అదే మెడ నొప్పి ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదం వల్ల వస్తే పాత పద్ధతిలో ఎక్కువే వస్తుంది. ఒకే నొప్పికి, తగిలిన చోటును బట్టి వేర్వేరు వెలలు కట్టడం న్యాయం కాదు. దొంగలను పట్టుకోలేక నిజమైన బాధితులందరి వాటా కోసినట్టయింది. మెడతోపాటు మోకాలు కూడా దెబ్బతింటే ఏం చేయాలన్న గొడవ చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పట్టిక ప్రకారం మెడకు వచ్చేదీ, మామూలు పద్ధతిలో మోకాలికి వచ్చేదీ కలిపి, రెండుసార్లు లెక్కపడిన బాధ ఉంటే కొంత తగ్గించాలని, తగ్గించినా మోకాలికి విడిగా వచ్చేదాని కంటే తక్కువ కాకూడదని 2024 మార్చిలో ఆ కోర్టు తేల్చింది.

చిన్న గాయాలకు పట్టిక పెట్టిన ఇదే 2018 చట్టం, పెద్ద గాయాల లెక్కలో ఇంకో కీలకమైన అంకెను కూడా ముట్టుకుంది. అదే డిస్కౌంట్ రేటు.

వెన్నుపూస దెబ్బతిన్న యువతికి 40 ఏళ్ల పాటు ఏడాదికి 50,000 పౌండ్ల సంరక్షణ కావాలనుకుందాం. నలభైని యాభై వేలతో గుణిస్తే 20 లక్షలు. కానీ డబ్బంతా ఒకేసారి చేతికి వస్తే దాన్ని మదుపు చేసి వడ్డీ సంపాదించవచ్చు కాబట్టి, ఆ మేరకు ముందే తగ్గించి ఇస్తారు. ద్రవ్యోల్బణం పోగా మిగిలే ఆ రాబడి ఎంత ఉంటుందని అనుకోవాలో చెప్పే అంకే డిస్కౌంట్ రేటు. దాన్ని న్యాయశాఖ చూసే మంత్రి, అంటే లార్డ్ ఛాన్సలర్ నిర్ణయిస్తారు. 2001లో అది 2.5 శాతం. ఆ లెక్కన మన ఉదాహరణలోని యువతికి వచ్చేది సుమారు 12 లక్షల 70 వేల పౌండ్లు. ప్రభుత్వ బాండ్ల మీద రాబడి ఏళ్ల తరబడి పడిపోతూ వచ్చినా ఆ అంకె 16 ఏళ్ల పాటు కదల్లేదు. అంటే ఆ కాలంలో తీవ్రంగా గాయపడినవాళ్లకు అవసరం కంటే తక్కువ డబ్బు అందుతూ వచ్చింది. 2017లో లార్డ్ ఛాన్సలర్‌గా ఉన్న లిజ్ ట్రస్ ఒక్కసారిగా దాన్ని మైనస్ 0.75 శాతానికి దించారు. ఆ రేటు లెక్కన అదే యువతికి సుమారు 23 లక్షల 30 వేలు. ఇన్సూరెన్స్ కంపెనీలు గగ్గోలు పెట్టాయి. అప్పుడొచ్చిందే 2018 చట్టంలోని మార్పు: బాధితులు డబ్బును పూర్తిగా ప్రభుత్వ బాండ్లలోనే పెడతారని కాక, కొద్దిపాటి రిస్కుతో మదుపు చేస్తారని అనుకోవాలన్నది. 2019 ఆగస్టులో రేటు మైనస్ 0.25కి, 2025 జనవరి 11 నుంచి ప్లస్ 0.5కి చేరింది. ఇప్పటి లెక్కన సుమారు 18 లక్షల 10 వేలు.

గాయం అదే, యువతి అదే, అవసరాలూ అవే. తీర్పు ఏ ఏడాది వచ్చిందన్న దాన్ని బట్టి 10 లక్షల పౌండ్ల తేడా. నొప్పి పద్దు కింద ఎంత పోట్లాడినా ఇందులో సగం కూడా తేడా రాదు. అందుకే భారీ కేసుల్లో మొత్తం డబ్బు ఒకేసారి కాకుండా, బతికున్నంత కాలం ఏటా ఇంత అని ఇచ్చే పద్ధతిని 2005 నుంచి కోర్టులు స్వయంగా ఆదేశించవచ్చు. మనిషి అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతికితే డబ్బు అయిపోతుందేమోనన్న టెన్షన్ దానివల్ల తప్పుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో యాక్సిడెంట్ క్లెయిమ్ కేసులు చూసిన వాళ్లకు ఈ గుణకారం కొత్త కాదు. మన ట్రిబ్యునళ్లు వాడే మల్టిప్లయర్ పద్ధతి (ఏడాది నష్టాన్ని ఒక గుణకంతో హెచ్చించడం) మూలం 1942 నాటి ఇంగ్లిష్ తీర్పులోనిదే. 1994లో సుసమ్మ థామస్ కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని స్వీకరించింది, 2009లో సరళా వర్మ తీర్పు వయసుల వారీగా పట్టిక ఇచ్చింది. పాతికేళ్ల వయసుకు మన దగ్గర గుణకం 18. ఇంగ్లండ్‌లో 68 ఏళ్ల దాకా పనిచేస్తారని లెక్కిస్తే నేటి రేటు ప్రకారం 35 దాటుతుంది. మన దగ్గర భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద విడిగా కొంత కలుపుతారు కాబట్టి రెండు అంకెలనూ నేరుగా పోల్చలేం. అయినా ఒకే వేరు నుంచి వచ్చిన లెక్క రెండు చోట్ల ఇంత దూరం జరిగింది.

లాయరు ఖర్చు మాట. గాయాల కేసులకు ప్రభుత్వ న్యాయ సహాయం 2000లో దాదాపుగా ఆగిపోయింది. ఇప్పుడంతా నో విన్ నో ఫీ ఒప్పందాలే. ఓడితే మన సొలిసిటర్‌కు (మన తరఫున కేసు నడిపే లాయరుకు) ఫీజు లేదు. గెలిస్తే సక్సెస్ ఫీ తీసుకుంటారు. 2013 ఏప్రిల్ నుంచి అది బాధితుడి పరిహారంలోంచే పోతుంది. నొప్పికీ, అప్పటివరకు అయిన నష్టానికీ వచ్చిన మొత్తంలో 25 శాతం మించకూడదు, భవిష్యత్తు ఖర్చులకు వచ్చిన డబ్బును ముట్టుకోకూడదు. ఓడినా అవతలివాళ్ల ఖర్చులు మామూలుగా మన నెత్తిన పడవు. అయితే అవతలివాళ్లు కోర్టు నియమాల్లోని పార్ట్ 36 కింద పెట్టిన రాజీ ఆఫర్‌ను కాదని విచారణకు వెళ్లి, కోర్టులో అంతకు మించి తెచ్చుకోలేకపోతే, వచ్చిన పరిహారంలో పెద్ద భాగం ఖర్చుల కింద పోవచ్చు. ఆఫర్ వచ్చినప్పుడు సొలిసిటర్ రాసే సలహా లేఖను రెండుసార్లు చదవాల్సింది అందుకే.

గడువు మూడేళ్లు. ప్రమాదం జరిగిన రోజు నుంచి గానీ, గాయం ఎవరి వల్ల వచ్చిందో తెలిసిన రోజు నుంచి గానీ ఆ లోపు కోర్టులో కేసు వేయాలి. ఆస్‌బెస్టాస్ పీల్చి దశాబ్దాల తర్వాత జబ్బుపడిన కార్మికులను ఆదుకునేది ఈ రెండో తేదీయే. పిల్లలకు 18 నిండాక మూడేళ్లు మొదలవుతాయి. ఇన్సూరెన్స్ కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నంత మాత్రాన గడియారం ఆగదు.

అన్నిటికంటే కష్టమైన విషయం మరణం. పాత ఇంగ్లిష్ చట్టంలో మనిషి చనిపోతే కుటుంబానికి ఏమీ వచ్చేది కాదు. రైళ్లు వచ్చి చావులు పెరిగాక 1846లో పార్లమెంటు దాన్ని మార్చింది. మన దేశంలోని 1855 ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం దాని నమూనాలోనే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇప్పుడున్నది 1976 నాటి చట్టం. దాని కింద దుఃఖానికంటూ ఒక స్థిరమైన మొత్తం ఉంది, 2020 మే 1 తర్వాతి మరణాలకు 15,120 పౌండ్లు. భర్తకో భార్యకో, కనీసం రెండేళ్లు కలిసి జీవించిన భాగస్వామికో, 18 ఏళ్లు నిండని, పెళ్లికాని బిడ్డ తల్లిదండ్రులకో మాత్రమే అది దక్కుతుంది.

ఇరవై మూడేళ్ల కొడుకునో కూతురినో ఎంఎస్‌కి పంపించి, అక్కడి రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఈ పద్దు కింద ఒక్క పౌండు కూడా రాదు. బిడ్డకు 18 దాటాయి కాబట్టి. స్కాట్లండ్‌లో బిడ్డ వయసు ఎంతైనా తల్లిదండ్రులు అడగవచ్చు, మొత్తాన్ని కోర్టు ఆ కుటుంబాన్ని చూసి నిర్ణయిస్తుంది. సరిహద్దుకు ఇవతల ప్రమాదం జరిగిందా అవతల జరిగిందా అన్నదాన్ని బట్టి తల్లి దుఃఖానికి విలువ ఉండటం, లేకపోవడం క్రూరమైన విషయం. పార్లమెంటు దీన్ని సరిచేయాలి.

అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. దుఃఖానికి రాకపోయినా, ఆ బిడ్డ మీద ఆధారపడినందుకు లేదా ముందు ముందు ఆధారపడాల్సి ఉన్నందుకు తల్లిదండ్రులు డిపెండెన్సీ క్లెయిమ్ వేయవచ్చు. బిడ్డ అప్పటికే సంపాదిస్తూ ఉండాలన్న నియమం లేదు. 1913లో అచ్చయిన టాఫ్ వేల్ రైల్వే వర్సెస్ జెంకిన్స్ తీర్పులో చనిపోయిన అమ్మాయి వయసు పదహారు. కుట్టుపని నేర్చుకుంటోంది, ఇంకా ఒక్క పెన్నీ సంపాదించలేదు. త్వరలో సంపాదించి ఇంటికి సాయపడుతుందని తల్లిదండ్రులు సహేతుకంగా ఆశించారని చెప్పి హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్లకు పరిహారం నిలబెట్టింది. విదేశంలో చదువుతున్న బిడ్డ విషయంలో మన కుటుంబాలకు ఉండే ఆశ సరిగ్గా ఇలాంటిదే.

ఆ ఆశను కోర్టు ముందు నిలబెట్టేది కాగితాలే. చదువు కోసం ఇంటి మీదో పొలం మీదో తీసుకున్న లోన్ పత్రాలు, బిడ్డ పార్ట్‌టైమ్ జీతంలోంచి ఇంటికి పంపిన డబ్బు బ్యాంకు రసీదులు, ఉద్యోగం ఆఫర్ లెటర్ వచ్చి ఉంటే అది, నెలనెలా ఎంత పంపుతానో చెప్పిన వాట్సాప్ మెసేజ్‌లు. అంత్యక్రియలకు అయిన సమంజసమైన ఖర్చు దీనికి అదనం. గడువు ఇక్కడా మూడేళ్లే. మరణించిన తేదీ నుంచి గానీ, ఎవరి తప్పు వల్ల జరిగిందో కుటుంబానికి తెలిసిన తేదీ నుంచి గానీ అది మొదలవుతుంది. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉండి కూడా అక్కడి సొలిసిటర్ ద్వారా ఈ క్లెయిమ్ వేయవచ్చు.